మైకు ఆగకముందా, ఆగాకా?

పోయిన శుక్రవారం పొద్దున మసీదు మైకులో మైకుసెట్టు బాబాయి పోయాడని చెప్పారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. సగం మాటలు గరగరలోనే కొట్టుకుపోయాయి. ఎవరి తండ్రో, ఏ వీధో, మట్టి చేసేది ఎన్నింటికో మాత్రం తెలిసింది. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మాటను స్పష్టంగా వినిపించిన మనిషి చావు కబురు ఇంత గరగరగానా చెప్పేది? ఆయనే వింటే, "వైరు ఎక్కడో వదులైంది, చూసి చావండ్రా" అని కేకేసేవాడు. ఆ కేక ఇక వినపడదని తట్టాక చేతిలో తడిచీర అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

వాళ్ళింటికి వెళ్తే పిన్ని, అంటే ఆయన భార్య, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. "మాట పడిపోయి పది రోజులైందమ్మాయ్. చెవులు మాత్రం ఆఖరిదాకా పనిచేసినయ్యి. గేటు చప్పుడైతే చాలు, ఎవరొచ్చారని కళ్ళతోనే అడిగేవాడు" అంది. మాట పోయినా అడగడం మానలేదన్నమాట. మా బాబాయిని తలుచుకోవడానికి నాకు ఆ ఒక్క సంగతి చాలు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మాది ఊరికి దక్షిణాన, పొగాకు కాల్చే బేరన్లు దాటాక చర్చి చుట్టూ ఉండే పల్లె. ఆయనది ఊళ్ళో సాయిబుల వీధి. కుర్రతనంలో మా నాన్న, ఆయన ఒకే మిల్లులో పత్తి బేళ్ళు మోశారు. ఆ స్నేహం కొద్దీ ఆయన మా అమ్మకు మరిది అయ్యాడు, నాకు బాబాయి అయ్యాడు. నాన్న పోయాక కూడా ఆ వరస పోలేదు.

మిల్లు పని మానేసి ఆయన ఎక్కడో పాత మైకుసెట్టు ఒకటి సంపాదించాడు. ఇప్పటి పిల్లలకు ఇంటిమీద పడేంత సౌండు బాక్సులే తెలుసు. అప్పట్లో మైకుసెట్టు అంటే రెండు హారన్లు, ఒక యాంప్లిఫయరు, ఒక లారీ బ్యాటరీ, గంపెడు వైరు. అదంతా ఒక్క సైకిలు మీద వచ్చేది. పెళ్ళికీ అదే, పీర్ల పండక్కీ అదే, శ్రీరామనవమికీ క్రిస్మస్‌కూ అదే. అన్ని పార్టీల మీటింగులకూ అదే. ఏ పార్టీ నాయకుడైనా ఆయన మైకు ముందుకు రావలసిందే, ఆయన "ఆఁ, చెప్పండి" అన్నాకే నోరు తెరవాలి.

ఎక్కడ సభ జరిగినా రెండో హారన్‌ను మా పల్లె వైపు తిప్పి కట్టేవాడు. అలా కట్టమని ఎవరూ అడగలేదు. సభకు పోయినా మావాళ్ళు చివర నిలబడాల్సిందే కాబట్టి, పనుల్నుంచి వచ్చి ఎసట్లో బియ్యం పోసుకుంటూ ఇళ్ళ దగ్గరే వినేవాళ్ళు. "పల్లెకెందుకయ్యా హారను?" అని ఎవరో అడిగితే, "పిలవకపోతే పోయారు, వినడానిక్కూడా పిలవాలా?" అన్నాడట. మైకు సరిచూసేటప్పుడు హలో హలో అనేవాడు కాదు. "పల్లెకి వినపడితే గుడ్డ ఊపండి" అనేవాడు. మా వైపు నుంచి ఎవరో ఒకరు తుండుగుడ్డ ఊపేదాకా ఎంత పెద్దమనిషినైనా ఆపి ఉంచేవాడు.

ఒక్కొక్కరు మాట్లాడి దిగాక మైకు మూతిని తన జేబురుమాలుతో తుడిచేవాడు. "ఎవరి తుంపరైనా తుంపరే. దానికి పార్టీ లేదు, కులం లేదు" అని నవ్వేవాడు. మీరు ఏ పార్టీ అని అడిగిన వాళ్ళకు మాత్రం నవ్వకుండానే జవాబు చెప్పేవాడు. "నేను అందరి మాటా పెద్దది చేస్తా. ఎవరి మాటా నాది చేసుకోను."

ఇంకొక గుణం ఉంది. దాన్ని కొందరు చాదస్తం అనేవారు. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా మూడు ప్రశ్నలు అడిగేవాడు. అన్నది ఎవరు? నువ్వెక్కడ నిలబడి విన్నావు? అప్పుడు నువ్వేం చేస్తున్నావు? ఈ మూడో ప్రశ్న ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అడిగితే, "ఎదుటోడు ఏమన్నాడో మనిషి మర్చిపోతాడమ్మాయ్. తను ఏం చేస్తున్నాడో మర్చిపోడు" అన్నాడు. ఆ ప్రశ్నలకు జడిసి, పుకార్ల మీద బతికేవాళ్ళు ఆయన కొట్టు ముందు నుంచి తల తిప్పుకుని పోయేవాళ్ళు.

ఆ మూడో ప్రశ్న విలువ నాకు తెలిసింది ఎనభైల మధ్యలో వచ్చిన ఒక అసెంబ్లీ ఎన్నికలప్పుడు. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఊరంతా ఘాటు, ఎవరింటికి వెళ్ళినా తుమ్ములు. నాకు ఇరవై మూడేళ్ళు, పల్లె బళ్ళో టీచరుగా చేరి ఏడాది దాటింది. మా అమ్మ కోతల ముఠాకు పెద్ద. ముప్పైమంది ఆడవాళ్ళను పొద్దున్నే లేపి చేలకు నడిపించుకెళ్ళడం ఆమె పని. ఆ ముఠాకు ఏడాదిలో సగం పని మా ఊరి ప్రెసిడెంటు గారి మిరపచేలల్లోనే దొరికేది.

ఆ ప్రెసిడెంటు గారి పార్టీ అభ్యర్థికి మా ఊళ్ళో సభ పెట్టారు. నాలుగింటికన్నారు. నాలుగింటికి వచ్చే అభ్యర్థిని మా జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. ఆయన వచ్చేదాకా జనం లేచిపోకుండా ఊళ్ళో పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని పొద్దు పుచ్చడం మామూలే. ఆ రోజూ అదే జరిగింది. పొద్దుగూకింది, కరెంటు పోయింది, అభ్యర్థి ఏడింటికి జీపు దిగి దండలు వేయించుకుని మాట్లాడి వెళ్ళాడు.

తెల్లారేసరికి పల్లెంతా ఒకటే మాట. అభ్యర్థి మమ్మల్ని అన్నాడట. "ఆ పల్లె ఓట్లకేముందిలే. ముందురోజు ఓ పూట కూడు పడేస్తే పొద్దున్నే వచ్చి వరసలో నిలబడతారు. ఆ పుట్టుకే అంత" అన్నాడట. కూడు మాటకన్నా ఆ పుట్టుక మాట మావాళ్ళకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చర్చి ముందు కుర్రాళ్ళు గుంపులు గుంపులుగా నిలబడ్డారు. మా తమ్ముడు వాళ్ళ సంఘానికి నాయకుడు. బడికి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, కరపత్రం రాయి. నీ చేతిరాత బాగుంటది. పేట టౌనుకి పోయి కాపీలు తీయించి నియోజకవర్గమంతా పంచుతాం."

"ఎవరు విన్నార్రా?"

"అందరూ విన్నారు. మైకుసెట్టు బాబాయే విన్నాడంట. ఇంకేం కావాల?"

నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. రాయడం మొదలుపెట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ కాగితం రాస్తుంటే నాకు చాలా బాగుంది. చిన్నప్పటి నుంచీ బావి దగ్గరా బస్సులోనూ మింగిన మాటలన్నీ అక్షరాలై పడుతున్నాయి. ఈ మాటలు అన్నది అభ్యర్థేనని, అందుకు మైకుసెట్టు యజమానే సాక్షి అని కూడా రాసేశాను.

మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. సైకిలు దిగలేదు. ఒక కాలు బడి అరుగు మీద పెట్టి ఆగాడు.

"ఏమ్మా టీచరమ్మా, నేను విన్నానని రాస్తన్నావంట?"

"వినలేదా బాబాయ్?"

"నేనున్నంతసేపూ ఆ మాట నా చెవిన పళ్ళేదు. మొదటి బ్యాటరీ దిగిపోతందని, రైసుమిల్లు కాడ చార్జింగు పెట్టిన రెండోది తేబోయా. అరగంట నేనక్కడ లేనే లేను. ఆయన మాట్టాడేటప్పుడేమో నా ధ్యాసంతా వైర్ల మీదుంది."

"అయితే ఆయన అనలేదంటారా?"

"అన్లేదని నేనన్నానా? నేను వినలేదు అన్నా. ఆ రెంటికీ చానా దూరం ఉంది అమ్మాయ్." గొంతు తగ్గించాడు. "నా మైకులోనించి ఒక మాట పోయింది. ఎవరిదో నాకే తెలీదు. నాకు సాచ్చికం అంటగట్టారు. ఇదేందో తేలకపోతే నాకు నిద్ర పట్టదు. బడి అయిపోయాక రా, ఇద్దరం పోయి అడుగుదాం."

కోపంతో వచ్చాడనుకున్నాను గానీ ఆయన కళ్ళల్లో కోపం లేదు. పాడైన రేడియో మూత విప్పేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

ఆ సాయంత్రమూ మర్నాడూ ఇద్దరం తిరిగాం. ఆయన సైకిలు నడిపించుకుంటూ, నేను పక్కన నోటుపుస్తకం పట్టుకుని. మాట ఎన్ని వేషాలు వేస్తుందో ఆ రెండు రోజుల్లో చూశాను. ఒకాయన, అభ్యర్థి మీసం మెలేస్తూ అన్నాడని, తన కళ్ళతో చూశానని ప్రమాణం చేశాడు. "ఆయనకి మీసం లేదు గదరా" అన్నాడు బాబాయి. "ఇంతకీ నువ్వప్పుడేం చేస్తన్నావు?" అని అడిగితే తేలింది, ఆ పెద్దమనిషి ఆ పూట ఊరి బయట కల్లుపాకలో ఉన్నాడు. పక్కూళ్ళో వాకబు చేస్తే అక్కడ కూడు కాస్తా ఎముక అయింది. కుక్కలు కూడా వచ్చి చేరాయి. "నిన్నటిదాకా కూడే గదయ్యా, ఎముక ఎక్కణ్ణించొచ్చింది?" అని బాబాయి ఎంతో ఆసక్తిగా అడిగాడు. చెప్పినాయన నొచ్చుకున్నాడు. నాకు నవ్వాగలేదు. అంత బాధలోనూ నవ్వొచ్చిందంటే అది బాబాయి వల్లనే.

అన్నీ రాసుకున్నాను. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తూ. చేపలు తోముతూ, పిల్లాడికి నీళ్ళు పోస్తూ, గేదెను కట్టేస్తూ. ఈ వివరాలతో ఒరిగేదేమిటని విసుక్కున్నాను. బాబాయి పట్టించుకోలేదు.

చిక్కుముడి విప్పింది సెంటర్లో టీ కొట్టు ఆయన. "మధ్యలో నీ మైకు ఆగిపోయింది చూడు, అప్పుడు జనమంతా నా కొట్టు మీద పడ్డారు. గ్లాసులు కడుక్కోడానిక్కూడా తీరలేదు. అందరూ ఆ మాట గురించే గదా గుసగుస" అన్నాడు.

బాబాయి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఇంకోసారి చెప్పు. ఆ మాట గురించి ఎప్పుడు మాట్టాడుకున్నారు?"

"మైకు ఆగినప్పుడు."

"అంటే ఆ మాట మైకు ఆగకముందే వచ్చింది."

"మరంతేగా."

బాబాయి నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, మైకు ఆపింది నేనే. రెండో బ్యాటరీ తెచ్చి పాతది తీసి మార్చా. నేనింకా బోల్టు బిగిస్తానే ఉన్నా, అప్పుడొచ్చింది జీపు. దండలేసేటప్పటికి గదా మళ్ళీ మైకు పలికింది."

నేను నోటుపుస్తకం తెరిచాను. మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్ళి ఒక్కటే ప్రశ్న అడిగాం. మైకు ఆగకముందా, ఆగాకా? చేపలు తోమినామె తోముతుండగానే మైకు ఆగిందంది, మాట అంతకుముందే విన్నానంది. గేదెను కట్టేసినాయనా అదే చెప్పాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆగాక అనలేదు. అభ్యర్థి ఊళ్ళోకి అడుగుపెట్టకముందే ఆ మాట గాల్లోకి వెళ్ళిపోయింది.

నాకు నీరసం వచ్చింది. నిజం తెలిస్తే ఆనందం కలుగుతుందని పుస్తకాల్లో చదివాను. నాకలా కలగలేదు. ఆయనే అనుంటే ఎంత బాగుండేదో అనిపించింది. బాబాయి నా మొహం చూసి, "ఏంది అట్టా మాడ్చావు? మనకి కావాల్సినోడు దొరకలేదనా?" అన్నాడు.

అయితే అన్నదెవరు? ఇది అడిగేసరికి అందరి మతీ పోయింది. చీకటిగా ఉంది, మొహం కనపళ్ళేదు అన్నారు. ఎవరో అన్నారు, ఎవరైతే ఏమిటి అన్నారు. నిన్న మీసం మెలేయడం కూడా చూసిన కళ్ళు ఇవాళ ఏమీ చూడలేదు. బాబాయి ఎవరినీ నిలదీయలేదు. తిరిగి తిరిగి ఆఖరికి మా ఇంటికే వచ్చాం.

అమ్మ చేటలో మిరపకాయలు పోసుకుని తాలుకాయలు ఏరుతోంది. తాలుకాయలంటే రంగు పోయి తెల్లబడినవి. మొదటి రోజునుంచీ అమ్మ మాట ఒకటే. వచ్చినాయనే అన్నాడు, నేను విన్నాను. బాబాయి గుమ్మం ముందు గొంతుక్కూర్చుని మామూలుగా అడిగాడు.

"వదినా, ఆ మాట విన్నప్పుడు నువ్వేం చేస్తన్నావు?"

"అన్నం వారుస్తన్నా."

"మైకు ఆగినప్పుడు?"

"వార్చటం అయిపోయి గిన్నె దించా." ఆ మాట అన్నాక అమ్మ చేతులు ఆగాయి. మా ఇద్దరి మొహాలూ చూసింది. చేట పక్కన పెట్టింది.

"అమ్మా, అది ఎవరి గొంతో నీకు తెలుసా?" అన్నాను.

"ఎందుకు తెలీదే? ఇరవై ఏళ్ళ బట్టీ ఆ గొంతు కేకేస్తంటే వంగి కోస్తన్నాగా. మైకు చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయి పక్కనున్నాయనతో అన్నాడు ప్రెసిడెంటు. పల్లెలో ఆ గొంతు తెలియని ఆడమనిషి లేదు."

"మరి వచ్చినాయన అన్నాడని ఎందుకు చెప్పావు?"

"వచ్చినాయన ఐదేళ్ళకోసారి కనపడతాడు. ఈయన రేప్పొద్దున ఆరింటికి కనపడతాడు."

మా తమ్ముడికి ఆవేశం వచ్చింది. "అయితే ప్రెసిడెంటు పేరే రాద్దాం!" అన్నాడు. అమ్మ వాడి మీద విరుచుకుపడింది. "రాయరా, రాయి! కోతల నడిమధ్యలో ముప్పైమంది ఆడోళ్ళకి పని పోద్ది. వాళ్ళ పొయ్యిలో నీ కాగితం పెట్టి రాజేస్తావా?"

అప్పుడు నేను ఒక మాట అన్నాను. పిల్లలకు నిజం చెప్పమని నేర్పే టీచరునై ఉండీ అన్నాను. "పోనీ, అభ్యర్థి పేరే ఉంచేద్దాం బాబాయ్. ఎట్లాగూ వాళ్ళ మనిషే కదా అన్నది. ఎవరు తిరగేసి అడుగుతారు?"

బాబాయి నన్ను తిట్టలేదు. "ఉంచుకో అమ్మాయ్. నా పేరు మటుకు తీసెయ్" అన్నాడు. అంతే. నా జీవితంలో నన్ను అంత మెత్తగా ఎవరూ కొట్టలేదు. లోపలికి వెళ్ళి, అంత అందంగా రాసిన కాగితం నాలుగు ముక్కలు చేశాను.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన అమ్మతో అంటున్నాడు. "కనుక్కోవటం నా దురద వదినా, కనుక్కున్నా. చెప్పటమా మానటమా నీ ఇష్టం. పోయేది నీ పని. నేను నోరెత్తను." ఇక లేవబోయాడు. అమ్మ మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుని, కాయలు ఏరుతూ తలెత్తకుండానే అడిగింది.

"మరిదీ, ఆయన మన పల్లెకి ఓట్లడగను ఎప్పుడొస్తాడు?"

"ఎల్లుండి పొద్దున. మైకు నాదే."

"నీ మైకు వైరు పొడుగెంత?"

బాబాయి ముందు మా గుమ్మం చూశాడు, తర్వాత చర్చి ముందున్న ఖాళీ స్థలం చూశాడు. "నువ్వు ఎక్కడ నిలబడితే అక్కడిదాకా వస్తది" అన్నాడు.

ఎల్లుండి సంగతికి ముందు, ఆ తర్వాత జరిగింది చెప్పేస్తాను. మీలో చాలామంది అదే అడుగుతారని నాకు తెలుసు. ఆ అభ్యర్థి గెలిచాడు. మా పల్లె ఓట్లలో ఎన్ని ఎటు పడ్డాయో నాకు తెలియదు. మా అమ్మ ముఠాను ప్రెసిడెంటు గారి చేలకు ఆ ఏడు పిలవలేదు. ముప్పైమందీ పొద్దున నాలుగింటికే లేచి మూడో ఊరికి నడిచి వెళ్ళి కోతలు కోశారు. ఒక్కరు కూడా అమ్మను ఏమీ అనలేదంటే అబద్ధం. ఇద్దరు ముగ్గురు అన్నారు. అమ్మ పడింది. తర్వాతి ఏడు కాయ పండి రాలిపోతుంటే ప్రెసిడెంటు గారి మనిషే వచ్చి పిలిచాడు. వెళ్ళారు.

బాబాయి సెట్టును ఊళ్ళో పెళ్ళిళ్ళకు రెండేళ్ళు ఎవరూ పిలవలేదు. పేట నుంచి వేరే సెట్టు తెప్పించుకున్నారు. ఆయన కనిగిరి వైపు తిరునాళ్ళకు పోయి, వారాల తరబడి అక్కడే ఉండి బతికాడు. పిన్ని నగలు ఏమయ్యాయో నేనడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి, "నావల్లే కదా బాబాయ్ ఇదంతా? నేను ఆ కాగితం మొదలెట్టకపోతే..." అన్నాను. "నీవల్ల ఏంది? నేను బ్యాటరీ ముందే తెచ్చుకోవాల్సింది" అన్నాడు. ఆయనకు అందులో బాధపడాల్సింది అదొక్కటే కనిపించింది.

ఈమధ్య మనవళ్ళు సెల్‌ఫోనులో ఎవరో నాయకుడు ఎవరో కులాన్ని తిట్టాడని ఫోటో, దాని కింద మాటలు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చదివేవాడు. "ఇది ఏ ఊళ్ళో అన్నాడు? ఈ ఫోటో అప్పటిదేనా? పంపినోడు అక్కడున్నాడా?" అని వరసగా అడిగేవాడు. పిల్లలు విసుక్కునేవాళ్ళు. "తాతయ్యా, అందరూ పెడుతున్నారు కదా!" అంటే, "గట్టిగా వినపడ్డదల్లా నిజం కాదురా. ఆ సంగతి నాకంటే ఎవడికి తెలుసు?" అనేవాడు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు కూడా ఆ ఫోను పట్టుకునే ఉన్నాడు. ఒక మాట ఎక్కడ పుట్టిందో తేలలేదని బెంగగా ఉన్నాడు. నాకు మటుకు ఆయన్ని తలుచుకుంటే ఆ ఎల్లుండే గుర్తొస్తుంది.

పొద్దున పదింటికి చర్చి ముందు జీపు ఆగింది. అభ్యర్థి, ప్రెసిడెంటు గారు పక్కపక్కనే దిగారు. అభ్యర్థి చాలా మర్యాదగా మాట్లాడాడు, చెడ్డవాడిలా లేడు. రోడ్డు వేయిస్తానన్నాడు. ఆయన ముగించగానే బాబాయి మైకు అందుకున్నాడు. మామూలుగా అయితే ప్రెసిడెంటు గారికి ఇవ్వాలి. ఆయన చెయ్యి చాచాడు కూడా. బాబాయి ఆ చేతిని దాటుకుని, వైరు వదులుకుంటూ, జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి మా అమ్మ చేతికిచ్చాడు.

అమ్మ అంతకుముందు ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. రోకలి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"అయ్యా, మొన్న మీటింగులో మా పుట్టుకని అన్నారు. అది మీరే అన్నారని జనం అంటన్నారు."

అభ్యర్థి గబగబా ముందుకొచ్చాడు. "ప్రభువు సాక్షిగా నేను అనలేదమ్మా! అదంతా అవతలివాళ్ళు పుట్టించింది!"

"మీరు అన్లేదని మాకు తెలుసయ్యా. ఇల్లిల్లూ తిరిగి తేల్చుకున్నది మేమే. మీరు రాకముందే అయిపోయింది ఆ మాట." అమ్మ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. "అన్నాయన మీ పక్కనే నిలబడున్నాడు. ఆయనకి మీరేం చెబుతారు?"

అభ్యర్థి నోరు తెరిచాడు. పక్కకు చూశాడు. ప్రెసిడెంటు గారి మొహం కందగడ్డలా అయింది. ఆయన అభ్యర్థి వైపు గానీ అమ్మ వైపు గానీ చూడలేదు. బాబాయి వైపు చూసి, మైకు కట్టేయమని చెయ్యి తిప్పాడు. ఒకసారి, రెండుసార్లు.

బాబాయి యాంప్లిఫయరు పక్కన నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

మైకు మాత్రం పలుకుతూనే ఉంది. అమ్మ ఊపిరి, అభ్యర్థి మెడలో దండల రాపిడి, ఎక్కడో ఒక కోడి, అన్నీ హారన్ల లోంచి ఊరి మీదికి పోతున్నాయి. అవతల ఎర్రటి కల్లాల్లో మిరపకాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే నడుం ఎత్తి నిలబడి, ఇటే చూస్తూ, జవాబు కోసం వింటున్నారు.